డిసెంబర్లో డాబా కడిగినవాళ్ళం

ఢిల్లీ మెట్రో ఇంకా వైశాలి దాకా రాని రోజులవి. ఆనంద్ విహార్ దగ్గర బస్సు దిగి, షేర్ ఆటోలో సగం లోపల, సగం బయట కూర్చుని ఇల్లు చేరేవాళ్ళం. నాకప్పుడు నోయిడాలో కొత్త ఉద్యోగం. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద నా ఫోటో, దాని కింద 'ఇంజనీర్' అన్న మాట. ఆదివారం ఆరాధనకి వెళ్ళేటప్పుడు కూడా ఆ తాడు తీయబుద్ధయ్యేది కాదు. ఆ రోజుల్లో నాలాంటి కుర్రాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ సమస్య అయినా సరే, నాలుగు వెబ్‌సైట్లు చదివి, కంప్యూటర్లో నిలువు గళ్ళూ అడ్డ గళ్ళూ గీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి చూస్తే తేలిపోతుందని. ప్రెషర్ కుక్కర్ దగ్గర్నించి పెళ్ళి సంబంధం దాకా అన్నిటికీ అదే పద్ధతి. (పెళ్ళి సంబంధం దగ్గర ఆ పద్ధతి ఏమైందన్నది మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు చెప్పుకోవలసిన సంగతి.) ఆ నమ్మకం మొదటిసారి తడిసి ముద్దయింది మా అక్క వాళ్ళ డాబా మీద.

అక్క ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. బావ మరో ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్ళయ్యాక కాకినాడ నుంచి వచ్చి వైశాలిలో నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. లిఫ్టు లేదు. దానికి బదులుగా అన్నట్టు 'టెర్రస్ రైట్స్ భీ ఆప్‌కే' అన్నాడట బ్రోకరు, డాబా మీద హక్కంతా మీదేనని, ఏదో మాగాణి రాసిచ్చినంత గొప్పగా. పైకెళ్ళి చూస్తే ఆ హక్కులు మాకంటే ముందునించీ పావురాలు అనుభవిస్తున్నాయి. పావురాల రెట్టలు, వాటి మీద దుమ్ము, దాని మీద వానాకాలపు పాచి, మళ్ళీ రెట్టలు. అసలు నేల ఏ రంగో మాకెవరికీ తెలియదు. నేను ఉద్యోగంలో చేరాక వాళ్ళింట్లోనే ఒక గది ఆక్రమించాను కాబట్టి, ఆ పావురాల గురించి మాట్లాడే నైతిక హక్కు నాకు పెద్దగా లేదు.

మా తెలుగు సంఘంలో ఏటా డిసెంబర్లో క్రిస్మస్ ప్రార్థన ఎవరో ఒకరి ఇంట్లో పెట్టుకోవడం ఆనవాయితీ. వంతులవారీగా జరగాలి గానీ, అక్క వంతు రెండుసార్లు వచ్చి వచ్చి తప్పిపోయింది. కారణం అయ్యగారి అత్తగారి మోకాళ్ళు. అయ్యగారంటే మా పాస్టరుగారు. వాళ్ళ అత్తగారిని అందరం మామ్మగారనేవాళ్ళం. సంఘంలో ఏది ఎక్కడ జరగాలన్నా ఆఖరి మాట ఆవిడదే. "ఆ పిల్లది నాలుగో అంతస్తమ్మా. పైగా రెండు గదులు. ఎందుకు పాపం దానికి శ్రమ" అనేవారు. ప్రేమగానే అనేవారు. అందుకే అక్కకి ఇంకా బాధగా ఉండేది. అందరిళ్ళలో ఉల్లిపాయలు తరిగింది, అందరి వంటిళ్ళలో గిన్నెలు తోమింది, తన ఇంట్లో మాత్రం ఒక్కళ్ళకీ కప్పు టీ ఇచ్చే భాగ్యం కలగలేదు. ఆ ఏడు ఆదివారం కూడికలో లేచి నిలబడి, "ఈసారి మా ఇంట్లోనేనండీ. డాబా మీద పెడదాం" అని చెప్పేసింది. ఇంటికొచ్చి మా ఇద్దరితో, "ఇది గనక బాగా జరక్కపోతే ఇంక మన గుమ్మం ఎవ్వరూ ఎక్కర్రా" అంది.

అక్క అడిగింది చాలా చిన్న సాయం. గట్టి పుల్లల చీపుళ్ళు రెండు, బ్లీచింగ్ పౌడరు ఒక పొట్లం తెచ్చిపెడితే నవంబర్లోనే ఓ ఆదివారం ముగ్గురం కలిసి రుద్దేద్దాం అంది. ఆ మాట వినగానే నాలోని ఇంజనీరు గాయపడ్డాడు. ఈమధ్యనే సాకేత్‌లో ఒక పెద్ద మాల్ ముందు యూనిఫాం వేసుకున్న ఒకతను తుపాకీలాంటిది పట్టుకుని నీటి ధారతో రాతి మెట్లు కడుగుతుంటే చూసి వచ్చాను. ధార తగిలినచోట రాయి కొత్తదైపోతోంది.

"చీపుళ్ళేంటక్కా, ఏ కాలంలో ఉన్నావు? దానికి మిషన్లున్నాయి. ప్రెషర్ వాషరంటారు. కరెంటుతో నడుస్తుంది. డాబాయే కాదు, కూలరు, స్కూటరు, కిటికీ జాలీలు అన్నీ కడుక్కోవచ్చు."

"నాకు డాబా ఒక్కటి కడిగితే చాల్రా."

"ఉండవోయ్, వాడు చెప్పేది విననీ" అన్నాడు బావ. బావకి ఇంట్లోకి కొత్త మిషన్ ఏదొచ్చినా ఇష్టమే. అది ఏం చేస్తుందన్నది తరవాతి సంగతి.

అలా మొదలైంది ఎంపిక. నేను ఆఫీసులో కూర్చుని (ఆఫీసువాళ్ళు ఈపాటికి క్షమించే ఉంటారు) ఊరూపేరూ లేని దేశాల గృహిణులు రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. ఎన్ని బార్‌ల ఒత్తిడి, నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని వాట్ల మోటారు, పైపు ఎంత పొడవు, మీట వదలగానే మోటారు దానంతటదే ఆగుతుందా ఆగదా, అన్నీ గళ్ళలోకి ఎక్కించాను. బావ పద్ధతి వేరు. ఏ దుకాణానికి వెళ్ళినా మిషన్‌ని రెండు చేతులా ఎత్తి చూసేవాడు. బరువుంటే మంచిది, తేలికైతే డొల్ల. "ఇదిగో, ఇది చూడు, గాలికెగిరిపోయేలా ఉంది" అని నేను వారం రోజులు కష్టపడి మొదటి స్థానంలో నిలబెట్టినదాన్ని ఒక్క చేత్తో కింద పెట్టేసేవాడు.

ఇద్దరి మధ్యా తీర్పు చెప్పడానికి మా సంఘ పెద్ద ఒకాయన దిగారు. ఏదో పంపుల కంపెనీలో చేసి రిటైరయ్యారు. ఏ సంభాషణనైనా బార్‌ల దగ్గరికి తీసుకొచ్చేవారు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు బార్ అంకుల్. (చుక్క ముట్టని మనిషి. ఆ పేరు ఎందుకొచ్చిందో కొత్తవాళ్ళకి వెంటనే చెప్పకపోతే ప్రమాదం.) "పెట్టె మీద రాసే ఒత్తిడి వేరు బాబూ, పని చేసేటప్పుడు వచ్చే ఒత్తిడి వేరు. ముందు అది తేల్చుకో" అన్నారు. అది తేల్చుకోవడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. అక్క అన్నం వడ్డిస్తూ "తేలిందా?" అనేది. "తేలుతుందక్కా" అనేవాణ్ణి. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ తనే రెండు చీపుళ్ళు కొనుక్కొచ్చింది. బావ వాటిని గ్యాసు బండ వెనక్కి నెట్టేశాడు.

ఈ పరిశోధనంతటిలో నేను నిజంగా కనిపెట్టిన విషయం ఒకటుంది. నీళ్ళ ట్యాంకు కూడా డాబా మీదే ఉంది కాబట్టి అక్కడి కుళాయిలో నీళ్ళు దారంలా వస్తాయి. మామూలు మిషన్‌కి ఆ ధార చాలదు. బకెట్లోంచి నీళ్ళు దానంతటదే పీల్చుకునే రకం కావాలి. ఈ సంగతి చెప్పగానే బార్ అంకుల్ నా భుజం తట్టి, "ఇదీ ఆలోచన అంటే" అన్నారు. బావ కూడా మెచ్చుకున్నాడు. అంత సూక్ష్మమైన విషయమే పట్టుకున్నాక మేం ఆలోచించనిది ఇంకేం మిగిలి ఉంటుందని ముగ్గురికీ ధీమా వచ్చేసింది.

చివరికి ప్రార్థన శనివారం అనగా ముందు గురువారం ముగ్గురం పాత ఢిల్లీలో చావ్డీ బజార్‌కి వెళ్ళాం. దుకాణదారు మిషన్ బయట పెట్టి ఎదుటి గోడ మీద కొట్టి చూపించాడు. గోడ మీద ఎవరి ఎన్నికల పోస్టరో లేచిపోయింది. బార్ అంకుల్ "వర్కింగ్ ప్రెషర్ కిత్నా?" అని అడిగారు. అలా అడిగే గిరాకీ ఎన్నాళ్ళకొచ్చాడో, దుకాణదారు ఆయనకి స్టూలు వేసి టీ తెప్పించాడు. నూట పది బార్‌లు, బకెట్లోంచి పీల్చుకుంటుంది, మీట వదిలితే ఆగుతుంది. బావ ఎత్తి చూసి, మోయలేక కింద పెట్టి, తృప్తిగా తలూపాడు. నా గళ్ళు, బావ బరువు, అంకుల్ బార్‌లు మూడూ ఒకే మిషన్ దగ్గర కలిసిన శుభ సమయం అది. ఆటోలో దాన్ని మా మధ్య కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాం.

శనివారం అక్కకి పొద్దుటి డ్యూటీ. "నేనొచ్చేసరికి కడిగెయ్యండర్రా" అని చెప్పి వెళ్ళింది. పొద్దున్నే మొదలెడదామంటే పొగమంచు. ఎదుటి బిల్డింగే కనబడటం లేదు. ఎండొచ్చాక చేద్దాం అన్నాడు బావ. ఢిల్లీ డిసెంబరు ఎండ ఏ పన్నెండింటికో వచ్చి, అరగంట హాజరు వేయించుకుని పోయే రకం. అది రాగానే బకెట్లు నింపి, వైరు లాగి, మీట నొక్కాను. ఆ క్షణం ఇప్పటికీ నా కళ్ళముందుంది. ధార వెళ్ళినచోటల్లా నేల తెల్లగా బయటపడింది. మా డాబా తెల్ల మొజాయిక్ అని ఆ రోజే తెలిసింది. బావ "ఇటివ్వు, ఇటివ్వు" అని తుపాకీ లాక్కున్నాడు. నేను మళ్ళీ లాక్కున్నాను. పావురాలు ట్యాంకు మీద వరసగా కూర్చుని మమ్మల్ని చూశాయి. మిషన్ గురించి ఒక్క మాట చెప్పాలి. అది అద్భుతంగా పనిచేసింది. దానిలో ఏ లోపమూ లేదు.

మధ్యలో కింది ఫ్లోర్ పంజాబీ ఆంటీ శాలువా కప్పుకుని పైకొచ్చింది. మేం కడిగిన నీళ్ళు పైపు దాటి వాళ్ళ బాల్కనీలో పడుతున్నాయట. కాసేపు గుమ్మంలో నిలబడి ఆ చెరువంతా చూసి, "బేటా, దిసంబర్ మే ఛత్ కౌన్ ధోతా హై?" అంది. డిసెంబర్లో డాబా ఎవరు కడుగుతారని. నేను గర్వంగా, "ఆంటీజీ, ఏక్ సౌ దస్ బార్ హై" అన్నాను, నూట పది బార్‌లని. ఆవిడ "అచ్ఛా" అని దిగిపోయింది. ఢిల్లీలో ఆ మాటకి చాలా అర్థాలున్నాయని, నాకు అప్పటికి ఒక్కటే తెలుసని తరవాత గ్రహించాను.

మూడు గంటలకి అక్క వచ్చింది. మెట్ల తలుపు దగ్గరే ఆగిపోయింది. చెప్పులు విప్పేసి, చలికి పాదాలు ఎత్తెత్తి వేస్తూ ఆ తెల్లటి నేల మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. "ఒరేయ్, ఇది మన డాబాయేనా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మామ్మగారి కుర్చీ ఇక్కడ వేద్దాం, గోడ వార, గాలి తగలకుండా. పిల్లలు ఇటు. అయ్యగారు అక్కడ." అలా వెళ్తూ వెళ్తూ ఆగి, "సాయంత్రానికి ఆరుతుందంటారా?" అని అడిగింది.

"ఆరిపోతుంది" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మా తప్పు కాదు. మేం కాకినాడవాళ్ళం. మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం డాబా మీద బిందెడు నీళ్ళు గుమ్మరిస్తే, చీపురు మూల పెట్టి వచ్చేలోపల అరికాళ్ళు కాలుతాయి. కడగడమంటే మాకు ఆరడం కూడా అందులో భాగమే. నీళ్ళు ఆరాలంటే ఎండ కావాలని, ఆ ఎండ కొన్ని ఊళ్ళలో దొరకదని మాకు ఎవరూ చెప్పలేదు. (చెప్పిన ఆంటీకి నేను బార్‌లు చెప్పి పంపేశాను.) నేను తయారుచేసిన అన్ని గళ్ళలోనూ 'ఎప్పటికి ఆరుతుంది' అన్న గడి ఒక్కటి లేదు.

నాలుగింటికల్లా సూర్యుడు పక్క బిల్డింగు వెనక్కి వెళ్ళిపోయాడు. నేల ఎలా ఉన్నది అలాగే మెరుస్తోంది. బావ తన లుంగీతో ఒత్తాడు. నేను టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాను. అది పొగమంచుని ఆ మూలనుంచి ఈ మూలకి తోసింది. ఇంతలో టెంట్ హౌస్ వాళ్ళు నేల మీద పరిచే పెద్ద దరీలు తెచ్చారు. "మందంగా ఉన్నాయి, పీల్చేసుకుంటాయిలే" అన్నాడు బావ. పరిచాం. పైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. మాకు అంతకన్నా కావలసింది లేదు. వంటింట్లోంచి అక్క "ఆరిందా?" అని కేకేస్తే, "ఆరింది" అని కేకేశాం.

సంఘమంతా వచ్చింది. మామ్మగారు ప్రతి అంతస్తులోనూ ఆగి, ప్రభువుని తలుచుకుని, మా అంతస్తుల సంఖ్యని తిట్టుకుని, మొత్తానికి పైకొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దరీ చివరన కనబడుతున్న నేలనీ పిట్టగోడనీ చూశారు. "బాగుందే అమ్మాయ్. మా హాలు కూడా ఇంత శుభ్రంగా ఉండదు" అన్నారు. అక్క మొహం వెలిగిపోయింది. బావ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. మూడు కీర్తనలు, ఒక వాక్య సందేశం హాయిగా గడిచాయి. దరీ మీద కూర్చున్నవాళ్ళు మధ్యమధ్య సర్దుకుంటున్నారు గానీ చలికేమోలే అనుకున్నాను.

అప్పుడు అయ్యగారు "మోకరించి ప్రార్థన చేద్దాం" అన్నారు.

మా అయ్యగారి ప్రార్థన గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. దేశాధినేతలతో మొదలుపెట్టి, సైనికులు, రైళ్ళు నడిపేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు అందరినీ పేరుపేరునా అప్పగించి గానీ ఆపేవారు కాదు. మనిషి బరువంతా రెండు మోకాళ్ళ మీద పడేసరికి, సాయంత్రం నించీ దరీ దాచుకున్న నీళ్ళన్నీ పైకి రావడం మొదలెట్టాయి. మంచులాంటి నీళ్ళు. ఎవరూ కదలరు, ప్రార్థన కదా. ఎవరికివాళ్ళు తమ చోటే తడిసిందనుకున్నారు. పక్కన చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ వైపు ఇద్దరు ముగ్గురు అనుమానంగా చూశారు. ఆవిడ కూడా పిల్లాణ్ణి తడిమి చూసుకుంది. "నీకు వచ్చేసిందా?" అన్నాడు బావ, కళ్ళు మూసుకునే. "ఎప్పుడో" అన్నాను. అయ్యగారి గొంతు సైనికుల దగ్గర వణికింది. రైతుల దగ్గరికొచ్చేసరికి, "సకాలంలో వర్షాలు..." అన్నారు. ఆగారు. మా సంఘ చరిత్రలో మొదటిసారి అక్కడే "ఆమెన్" చెప్పేశారు.

అందరం లేచి నిలబడ్డాం. ప్రతి ప్యాంటు మీదా రెండేసి గుండ్రటి మరకలు. చీరల కుచ్చిళ్ళు కాళ్ళకి అతుక్కుపోయాయి. కుర్చీలో ఉన్న మామ్మగారొక్కరే పొడిగా ఉన్నారు. "ఏంటర్రా, అందరూ అలా ఉన్నారు?" అని అడిగారు. అక్క ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. అరచేత్తో దరీని ఒత్తింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు వచ్చాయి. మా ఇద్దరి వైపూ చూసి, "ఆరిందన్నారు కదరా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఆ మిషన్‌తో సహా ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

అందరినీ కిందికి, ఇంట్లోకి తీసుకెళ్దామంటే రెండు గదుల్లో సగం మంది కూడా పట్టరు. మిగతావాళ్ళు చలికి గజగజలాడుతూ మెట్ల మీదే నిలబడిపోయారు. ఆ చప్పుడుకి కింది ఫ్లోర్ ఆంటీ తలుపు తీసింది. తడిసిన మోకాళ్ళ వరస చూసింది. నా మొహం చూసింది. బార్‌ల గురించి ఒక్క మాట అడగలేదు, ఆ మంచితనాన్ని ఎప్పటికీ మర్చిపోను. లోపలికెళ్ళి ఇంట్లో ఉన్న రజాయిలన్నీ తెచ్చి పంచింది. గది హీటరు తెచ్చి తన గుమ్మంలోనే పెట్టింది. "బైఠో, బైఠో" అని అందరినీ మెట్ల మీదే కూర్చోబెట్టింది. రెండు అంతస్తుల మెట్లూ నిండిపోయాయి. మెట్టుకి ఇద్దరు చొప్పున, రజాయిలూ దుప్పట్లూ బావ లుంగీలూ చుట్టుకుని. మామ్మగారి కుర్చీ మా గుమ్మం ముందు, అన్నిటికంటే పైన.

ఎవరు మొదలెట్టారో గుర్తులేదు గానీ, మళ్ళీ పాట అందుకున్నారు. డాబా మీద పొగమంచులో కలిసిపోయిన గొంతులు ఆ మెట్ల గూట్లో ఒకటికి రెండై మోగాయి. ఆంటీ తన గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటూ తల ఊపింది. పై మెట్టు నుంచి కింది మెట్టుకి చేతులు మారుతూ టీ కప్పులు దిగాయి, ఖాళీ కప్పులు ఎక్కాయి. అందరి చేతుల్లోనూ మా అక్క పెట్టిన టీ. పాటలయ్యాక మామ్మగారు మెట్ల వరసంతా ఒకసారి చూసి, "వచ్చే ఏడు కూడా ఇక్కడే పెట్టుకుందాం. ఇలా ప్రతి మెట్టు మీదా మనవాళ్ళుంటే నాకూ పలకరించుకుంటూ ఎక్కడానికి బాగుంటుంది" అన్నారు. అక్క గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గ్యాసు బండ పక్కన నిలబడి ఏడుస్తోంది. నేను వెళ్ళి నిలబడితే, ముక్కు తుడుచుకుని, బండ వెనకనుంచి ఒక చీపురు తీసి నా వీపు మీద ఒక్కటేసి, మళ్ళీ టీ పెట్టడం మొదలెట్టింది.

డాబా మంగళవారానికి ఆరింది. అప్పటికి పావురాలు తెల్లటి నేల నచ్చి, ఎప్పటికంటే ఎక్కువ మంది బంధువుల్ని వెంటబెట్టుకొచ్చాయి. మిషన్ చాలా ఏళ్ళు సంఘంలో ఇంటింటికీ తిరిగింది. కూలర్లు కడిగింది, స్కూటర్లు కడిగింది. అందరూ మెచ్చుకున్నారు. నా పేరు మాత్రం 'మిషన్ తమ్ముడు' అయిపోయింది.

ఇప్పుడు నేనుండేది వైశాలి పక్కనే ఇందిరాపురంలో. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. అక్క వాళ్ళు ఇంకా ఆ నాలుగో అంతస్తులోనే. క్రిస్మస్ ప్రార్థన ఇప్పటికీ ఆ మెట్ల మీదే. మామ్మగారు లేరు, ఆవిడ కుర్చీ ఉంది. మొన్న డిసెంబర్లో కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు నా పక్క మెట్టు మీద కూర్చున్నాడు. గురుగ్రామ్‌లో ఉద్యోగమట. మెడలో తాడు, తాడుకి కార్డు. నెమ్మదిగా నా వైపు వంగి, "అంకుల్, ఒక సందేహం. మన సంఘంలో అందరూ మోకరించే ముందు అరచేత్తో నేలని ముట్టుకుంటారు కదా. మా ఊళ్ళో ఎక్కడా చూడలేదు. దాని అర్థమేంటండీ?" అని అడిగాడు.

నేను పైకి చూశాను. కుర్చీ పక్కన నిలబడి టీ పోస్తున్న అక్క ఆ మాట వింది. తల ఎత్తకుండా, "చెప్పరా" అంది. కొంచెం కింద బావ దగ్గాడు.

"వినయం బాబూ" అన్నాను.

కుర్రాడు భక్తిగా తలూపాడు. అయ్యగారు మోకరిద్దామనగానే వంగి, అరచెయ్యి నేలకి ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు మోకరించాడు. మెట్టు పొడిగానే ఉందని నాకు తెలుసు. అయినా నేనూ చెయ్యి పెట్టి చూసుకునే వంగాను.